లెక్కలో లేని మన పిల్లలు



దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి చైతన్యపురి వైపు నడుస్తూ ఒకసారి తలెత్తి చూడండి. మెట్రో పిల్లర్లకు రెండు పక్కలా, భవనాల రెండో అంతస్తు నుంచి పైదాకా బోర్డులే. బ్యాంకు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, డీఎస్సీ కోచింగ్, ఆడపిల్లల హాస్టల్, ఆ పక్కనే విదేశీ చదువుల కన్సల్టెన్సీ. ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా ఇదే వరస. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే బస్సులోంచి మనిషి పట్నంలో ముందుగా కాలుపెట్టేది ఎల్.బి.నగర్‌లోనే. పిల్లల చదువుల కోసం ఊళ్లు వదిలి వచ్చిన ఆ జిల్లాల కుటుంబాలు ఎన్నో హయత్‌నగర్, వనస్థలిపురం, కొత్తపేట, సరూర్‌నగర్‌లలోనే స్థిరపడ్డాయి. ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్ వైపున్న ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు పొద్దున్నే ఈ రోడ్డు మీదే పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. బీటెక్ ఆఖరి సంవత్సరం వచ్చేసరికి ఆ పిల్లల్లో చాలామంది, వెనకాలే వాళ్ల తల్లిదండ్రులు, కన్సల్టెన్సీ మెట్లెక్కుతారు.

అక్కడ కుదిరే ఒక నిర్ణయం గురించే ఈ ప్రసంగం. అమెరికాలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. వాటిలో క్రైస్తవ సంస్థలు స్థాపించినవి తక్కువేమీ కాదు. ఎంఎస్ సీటు అనగానే కౌన్సెలర్ మన ముందు పెట్టే జాబితాలో ఇవి తప్పకుండా ఉంటాయి. మిస్సోరిలోని సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1818 నాటిది, జెస్యూట్లది. ఇల్లినాయ్‌లోని లూయిస్ యూనివర్సిటీ, పెన్సిల్వేనియాలోని గానన్ యూనివర్సిటీ కాథలిక్ సంస్థలు. కెంటకీలోని యూనివర్సిటీ ఆఫ్ ది కంబర్‌ల్యాండ్స్‌ను 1888లో బాప్టిస్టులు స్థాపించారు. ఇవన్నీ గుర్తింపు ఉన్న పాత సంస్థలే. ఇవి మంచివా చెడ్డవా అన్నది నా ప్రశ్న కాదు. అక్కడి పట్టా మన పిల్లవాడికి ఎంత ఖరీదులో పడుతుంది, ఆ ఖరీదు వెనక్కి వస్తుందా, ఆ సంగతి తేల్చుకోవడానికి మన చేతికిచ్చే అంకెలు అసలు మన పిల్లల అంకెలేనా? ఇదీ నా ప్రశ్న.

క్రైస్తవ సంస్థ అనగానే మన తల్లిదండ్రుల్లో ఒక భరోసా కలుగుతుంది. అది ఏ మతం వాళ్ల ఇంట్లోనైనా కలిగేదే, ఊరికే కలిగింది కూడా కాదు. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ మొదలుపెట్టిన బడి నోబుల్ కాలేజీ అయింది. గుంటూరులో 1885 నుంచి ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఉంది. విజయవాడ ఆంధ్ర లయోలా 1953లో వచ్చింది. మన నగరంలోనే బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ 1959లో, అల్వాల్ లయోలా అకాడమీ 1976లో వచ్చాయి. మిషన్ కాలేజీలో చదివాడంటే క్రమశిక్షణ ఉంటుంది, ఇంగ్లీషు వస్తుంది, డబ్బు కోసం పీడించరు అన్న పేరు తరతరాలుగా నిలిచింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ వేలూరు వూర్హీస్ కాలేజీలోనూ, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ స్కాలర్‌షిప్పుల మీద చదువుకున్నారు. రెండూ మిషనరీల కాలేజీలే. ఆయన తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం కూడా డబ్బే. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకాయన తన తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చేశాడు, కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు, అదే ఆయన చదువైంది.

ఆ కాలేజీలు మనకిచ్చింది ప్రధానంగా అందుబాటు. పేదింటి పిల్లవాడు కూడా లోపలికి అడుగుపెట్టగలిగిన చదువు, ఉండడానికి హాస్టల్, కట్టగలిగిన ఫీజు. పట్టా విలువ పెరగడానికి జీతం ఎక్కువ రావడమొక్కటే దారి కాదు, ఖర్చు తక్కువ కావడం కూడా దారే. ఇప్పుడు అదే భరోసాను సముద్రం దాటించి, పేరులో సెయింట్ కనబడగానే అక్కడ కూడా అదే జరుగుతుందనుకుంటున్నాం. ఆ నమ్మకాన్ని వాడుకున్నవాళ్లు ఎంత దూరం పోగలరో చెప్పే కథ ఒకటుంది. మన పిల్లల కథే అది. పదిహేనేళ్లు దాటేసరికి చాలామంది మరిచిపోయారు.

కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్లో 2008లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ పుట్టింది. తనది క్రైస్తవ ఉన్నత విద్యాసంస్థ అని, విశ్వాసంతో కూడిన చదువు చెబుతామని అది ప్రకటించుకుంది. స్థాపకురాలి పేరు సూసన్ సూ. 2009లో విదేశీ విద్యార్థులకు వీసా కోసం కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చే అనుమతి సంపాదించింది. మిగతా విశ్వవిద్యాలయాలు తమ క్రెడిట్లను ఒప్పుకుంటాయని తప్పుడు పత్రాలు చూపించి తెచ్చుకున్న అనుమతి అది. విద్యార్థులు పదుల్లో మొదలై, ఏడాదిన్నరలోనే పదిహేను వందలు దాటారు. వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా భారతీయులు, అందులో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. 2011 జనవరి 19న అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి దాన్ని మూసేశారు. రికార్డులు తెరిస్తే, వందలమంది విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే ఒక అపార్ట్‌మెంట్. నిజానికి ఆ పిల్లలు టెక్సస్‌లో, వర్జీనియాలో, మేరీల్యాండ్‌లో ఉన్నారు. కొత్త విద్యార్థిని తెచ్చిన పాత విద్యార్థికి ఫీజులో కమీషన్ ఇచ్చారు. కొందరు పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు బిగించారు. ఆ ఫొటోలు మన పత్రికల్లో మొదటి పేజీల్లో వచ్చాయి, ఢిల్లీలో విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది. తానా లాంటి అమెరికా తెలుగు సంఘాలు న్యాయసహాయానికి ముందుకొచ్చాయి. కొందరు వేరే విశ్వవిద్యాలయాలకు మారగలిగారు, కొందరు పెట్టెలు సర్దుకుని వచ్చేశారు. సూసన్ సూ ఆ రెండేళ్లలో సంపాదించింది 56 లక్షల డాలర్లు. 2014లో ఆమెకు పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ శిక్షతో ఇక్కడ అప్పు చేసిన ఏ తండ్రి అప్పూ తీరలేదు.

చాలామంది ఇప్పటికీ రెండింటినీ కలిపేసుకునే చోటు ఒకటి ఇందులో ఉంది. ఐ-20 ఇచ్చే అనుమతి వేరు, విద్యాసంస్థగా గుర్తింపు వేరు. మొదటిది ఇమిగ్రేషన్ వ్యవస్థది. రెండోది అక్రెడిటేషన్, చదువు నాణ్యత చూసే సంస్థలు ఇచ్చేది. ట్రై వ్యాలీకి మొదటిది ఉండేది, రెండోది లేదు. ఐ-20 చేతికొచ్చిందంటే ప్రభుత్వమే హామీ ఇచ్చినట్టని అనుకోవద్దు. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లో గుర్తింపున్న సంస్థల జాబితా ఉంది, పేరు కొడితే వస్తుంది. పైగా హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు కేటాయించిన 20 వేల కోటా దక్కాలన్నా ఆ విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండాలి, అది ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అయివుండాలి. నేను మొదట పేర్లు చెప్పిన క్రైస్తవ విశ్వవిద్యాలయాలు లాభాపేక్ష లేనివే. ఈ ఒక్క విషయంలో వాటికి నిజమైన విలువ ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

ఇక అసలు సంగతికి వస్తాను. గుర్తింపు ఉంది, పేరుంది, మోసం లేదు. అప్పుడు పట్టా విలువ ఎలా తేల్చాలి?

అమెరికా ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. 2015 నుంచి అందులో ఏ కాలేజీలో చేరినవాళ్లు పదేళ్ల తర్వాత ఎంత సంపాదిస్తున్నారో కనబడుతుంది. పన్ను రికార్డుల నుంచి తీసిన అంకెలు కాబట్టి కాలేజీ వాళ్లు పెంచి చెప్పే వీలు లేదు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఆ వివరాలతోనే 4,500 కాలేజీలకు పెట్టుబడి మీద రాబడి లెక్కగట్టారు. మన కౌన్సెలర్లు ల్యాప్‌టాప్ తిప్పి చూపించే జీతాల బొమ్మలు చాలావరకు ఇలాంటి చోట్ల నుంచి వచ్చినవే. అంకెలు నిజమైనవే. అయితే ఆ స్కోర్‌కార్డ్ లెక్కించేది ఫెడరల్ ప్రభుత్వ ఆర్థికసాయం, అంటే అక్కడి ప్రభుత్వ గ్రాంటో రుణమో తీసుకున్న విద్యార్థుల్ని మాత్రమే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లిన విద్యార్థికి ఆ సాయానికి అర్హత లేదు. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్లిన పిల్లవాడు ఆ అంకెలో లేడు. మన పిల్లవాడి కంటే ముందు అదే చదువు చదివి వెళ్లిన మిర్యాలగూడ పిల్లవాడూ లేడు, విజయవాడ పిల్లా లేదు.

మరి అందులో ఎవరున్నారు? చిన్న ఊళ్లో ఉండే క్రైస్తవ విశ్వవిద్యాలయం ఎక్కువగా తయారుచేసేది నర్సుల్ని, బడిపంతుళ్లని, సామాజిక సేవకుల్ని, అకౌంటెంట్లని. వాళ్లంతా ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగి, అక్కడే పనిచేసేవాళ్లు, పని చేయడానికి వీసా అక్కర్లేనివాళ్లు. వాళ్ల జీతం బాగుంటే మన పిల్లవాడికీ బాగుంటుందనుకోవడం తప్పే. బడిపంతుళ్లు ఎక్కువ కాబట్టి సగటు తక్కువగా కనబడితే, ఆ విశ్వవిద్యాలయం పనికిరాదనుకోవడమూ తప్పే. ఆ అంకె మన గురించి ఏమీ చెప్పదు, అంతే.

విశ్వవిద్యాలయాలు సొంతంగా వేసే లెక్కలు కూడా ఉంటాయి. ఆర్నెల్లలో తొంభై అయిదు శాతం మంది ఉద్యోగంలోనో పైచదువులోనో ఉన్నారని బ్రోషర్ మీద రాస్తారు. అలాంటి సర్వేలు చేసేవాళ్లు ఎంతమంది సంగతి తమకు తెలిసిందో కూడా వేరే అంకెగా చెప్పాలి. వందమందిలో అరవైమంది సంగతే తెలిస్తే ఆ తొంభై అయిదు శాతం అరవైమందిలోదే అవుతుంది. ఆ రెండో అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోచోట అసలే ఉండదు. దాన్ని అడిగి తెలుసుకోవాలి.

అమెరికా చట్టంలో ఇంకో నిబంధన ఉంది, ఇది మన తల్లిదండ్రులందరికీ తెలియాల్సింది. ఫెడరల్ సాయం తీసుకునే కాలేజీలు విద్యార్థిని చేర్చినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వకూడదు. పిల్లల మేలు చూడకుండా ఎవరినిబడితే వారిని చేర్చేస్తారన్న భయంతో 1992లోనే ఆ నిషేధం తెచ్చారు. అదే చట్టంలో ఒక మినహాయింపు రాశారు: విదేశాల్లో ఉండే, ఫెడరల్ సాయానికి అర్హత లేని విద్యార్థులను చేర్చుకోవడానికి ఈ నిషేధం వర్తించదు. తమ పిల్లలకు హాని అని వాళ్లు ఆపిన పద్ధతి మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి చట్టబద్ధం. కన్సల్టెన్సీ ఉచితంగా సలహా ఇస్తోందంటే, ఆ ఖర్చు చాలాసార్లు అటువైపు నుంచి వస్తోందని అర్థం. కన్సల్టెన్సీలో పనిచేసేవాళ్లందరినీ నేను తప్పుపట్టడం లేదు. మంచి సలహా ఇచ్చి, ఈ ఏడు వద్దు, బ్యాక్‌లాగ్స్ తీర్చుకుని వచ్చే ఏడు చూద్దాం అని చెప్పి పంపే కౌన్సెలర్లూ ఈ మెట్ల మీదే ఉన్నారు. కానీ మన ముందు కూర్చున్న మనిషికి ఏ విశ్వవిద్యాలయం డబ్బు ఇస్తుందో, ఏది ఇవ్వదో అడిగే హక్కు మనకుంది. మొహమాటపడకుండా అడగండి.

మొన్నామధ్య హయత్‌నగర్ వైపు ఉండే ఒక పెద్దాయన తన కొడుకు ఐ-20 పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో ఆ కాగితం, దాని కింద ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ. బ్యాంకుకు పోయే దారిలో ఆగాడు.

"ఇంజినీరింగ్ అయిపాయె సార్, ఇంట్లనే ఉంటుండు. పోతనంటుండు. క్రిస్టియన్ యూనివర్సిటీ అంట, మంచిగుంటదంటుండ్రు. ఈ కాయితం ఒక్కసారి జూడరాదుండ్రి."

ఐ-20 మొదటి పేజీలో కింద డబ్బుల పట్టిక ఉంటుంది. ఎడమ పక్క ఖర్చులు: ట్యూషన్, ఉండడానికి తినడానికి అయ్యేది, ఇతరాలు, మొత్తం. కుడి పక్క ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో: సొంత డబ్బు, విశ్వవిద్యాలయం ఇచ్చేది, ఇతరులు ఇచ్చేది. ఆ పట్టిక తల మీద, ఇది ఎన్ని నెలల లెక్కో రాసి ఉంటుంది. ఆయన తెచ్చిన కాగితంలో తొమ్మిది నెలలని ఉంది.

"అన్నా, ఈ మొత్తం తొమ్మిది నెలల ఖర్చే. చదువు రెండేళ్లు. వేసవిలో కూడా అద్దె కట్టాలి కదా."

ఆయన ఆ అంకెనే మొత్తం చదువు ఖర్చనుకుని బ్యాంకు లోనుకు తయారయ్యాడు. కుడి పక్కన విశ్వవిద్యాలయం ఇచ్చేది అన్న గడిలో సున్నా ఉంది.

ఆ సున్నా దగ్గర కాసేపు ఆగాలి. అమెరికా ప్రైవేటు కాలేజీల్లో బోర్డు మీద రాసే ఫీజు వేరు, వసూలుచేసే ఫీజు వేరు. అక్కడి కాలేజీల ఆర్థిక వ్యవహారాల అధికారుల సంఘం ఏటా వేసే లెక్క ప్రకారం ప్రైవేటు కాలేజీలు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే తమ విద్యార్థులకు బోర్డు ఫీజులో సగటున సగానికి పైగా తగ్గించేస్తున్నాయి. క్రైస్తవ కాలేజీలూ అదే పద్ధతి. చర్చి సభ్యుల పిల్లలకు, ఆ జిల్లా పిల్లలకు వేరువేరు స్కాలర్‌షిప్పులు ఉంటాయి. మాస్టర్స్ చేయడానికి వెళ్లే విదేశీ విద్యార్థి మాత్రం చాలాచోట్ల పూర్తి ఫీజుకు దగ్గరగానే కడతాడు. మచిలీపట్నంలో, గుంటూరులో మిషన్ కాలేజీకి ఆ పేరు తెచ్చింది తక్కువ ఫీజే. అమెరికాలోని మిషన్ విశ్వవిద్యాలయం కూడా తన ఊరి పిల్లలకు ఆ పని చేస్తూనే ఉంది. మన పిల్లవాడి ఐ-20లో ఆ గడి సున్నా అయితే, ఆ సంప్రదాయం అతనిదాకా రాలేదన్నమాట.

ఇప్పుడు అప్పు లెక్క వేద్దాం. పెన్ను దగ్గరుంటే రాసుకోండి. 30 లక్షల రుణం, 11.5 శాతం వడ్డీ. తేలిగ్గా అర్థం కావడానికి మొత్తం ఒకేసారి తీసుకున్నారనుకుందాం. రెండేళ్ల చదువు, ఆ పైన ఆర్నెల్ల వెసులుబాటు. ఆ రెండున్నరేళ్లలో మీరేమీ కట్టకపోతే సాధారణ వడ్డీ లెక్కన కూడా 8 లక్షల 60 వేలు కలిసి, అప్పు 38 లక్షల 60 వేలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 54 వేల పైచిలుకు ఈఎంఐ.

డాలర్లలో చూస్తే ఇది పెద్ద భారం కాదు. 90 రూపాయల డాలరు లెక్కన 600 డాలర్లు. అక్కడ సరైన ఉద్యోగం ఉన్న పిల్లవాడు ఇబ్బంది లేకుండా కట్టగలడు. కానీ మూడేళ్లు ఒక్క నెల తప్పకుండా ఆ ఈఎంఐ కట్టాక ఇంకా ఎంత మిగులుతుందో తెలుసా? 31 లక్షల పైన. మొదట తీసుకున్న అప్పు కంటే ఎక్కువ. మూడేళ్లు అని ఎందుకన్నానంటే, చదువు ముగిశాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ ఒక సంవత్సరం, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదువైతే ఇంకో రెండు సంవత్సరాలు, కలిపి 36 నెలలే చేతిలో కచ్చితంగా ఉండే కాలం. అది ముగిసి, హెచ్-1బీ రాక ఇంటికి తిరిగొస్తే, 31 లక్షల అప్పును హైదరాబాద్ జీతంతో తీర్చాలి.

అందుకని డాలర్లు చేతికొస్తున్నప్పుడే ఎక్కువ కట్టాలి. నెలకు 1,500 డాలర్లు పంపితే అదే అప్పు దాదాపు 34 నెలల్లో తీరిపోతుంది. అంటే చదువు అయిన ఒకటి రెండు నెలల్లో ఉద్యోగం దొరికి, మధ్యలో పోకుండా ఉండి, కారు కొనకుండా, నలుగురు కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటూ నెలకు 1,500 డాలర్లు పంపగలిగితే, ఓపీటీ ముగిసేలోపు ఇల్లు తాకట్టు నుంచి బయటపడుతుంది. పట్టా ఆర్థిక విలువ మన కుటుంబాలకు ఇక్కడ తేలుతుంది. పదేళ్ల తర్వాతి సగటు జీతం కంటే మొదటి ఆర్నెల్లలో ఉద్యోగం వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదన్న నిబంధన కూడా ఉంది, స్టెమ్ పొడిగింపుతో కలిపితే 150.

హెచ్-1బీ సంగతి కొద్దిగానే చెబుతాను, పత్రికల్లో రోజూ వస్తూనే ఉంది. 2025 మార్చి లాటరీలో 3,43,981 అర్హమైన దరఖాస్తులకు 1,20,141 ఎంపికయ్యాయి, మూడింట ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఆ సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. జీతం ఎక్కువ ఉన్నవాళ్లకు లాటరీలో ఎక్కువ అవకాశం దక్కేలా డిసెంబరులో నిబంధన మార్చారు. ఇవి మళ్లీ మారవచ్చు. అప్పు మాత్రం మారదు. వీసా వస్తుందన్న ఆశ మీద అప్పు లెక్క వేయకండి, 36 నెలల మీద వేయండి.

చేరిన మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు, చదువుతుండగానే పనిచేసే అనుమతి సీపీటీ ఇస్తాం అని చెప్పే కోర్సులూ ఉన్నాయి. అప్పు భయంతో అవి ఆకర్షిస్తాయి. సీపీటీ మీద పన్నెండు నెలలు పూర్తికాలం పనిచేస్తే అదే స్థాయి చదువు మీద ఓపీటీ పోతుంది. ఇప్పుడు వేసిన 36 నెలల లెక్క మొత్తం దానితో పాటే పోతుంది. పిల్లవాడికి ఇది చేరకముందే తెలియాలి.

సొంత ఇల్లు తాకట్టు పెట్టకుండా ఈ ఖర్చు తగ్గే మార్గాలు మన రాష్ట్రంలో ఉన్నాయి, తెలిసినవాళ్లు తక్కువ. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫులే విద్యానిధి, క్రైస్తవులతో సహా మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఒక్కో విద్యార్థికి 20 లక్షల దాకా, విడతలుగా. ఆదాయ పరిమితి ఉంది, మార్కుల నిబంధన ఉంది. ఇది అప్పు కాదు. ఇప్పుడు వేసిన లెక్కలోంచి 20 లక్షలు తీసేసి చూడండి, అదే విశ్వవిద్యాలయం, అదే పట్టా పూర్తిగా వేరే నిర్ణయంగా కనబడుతుంది. ప్రకటన వచ్చినప్పుడు ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా లేక అవకాశం పోగొట్టుకునే పిల్లల్ని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక్కడి కాలేజీల లెక్కలు మెరుగ్గా ఉన్నాయా అంటే, కొంచెం. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు ఇచ్చే వివరాల్లో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ల జీతాల మధ్యస్థం ఎంత అన్నది ఉంటుంది, ఆ కాగితం కాలేజీ వెబ్‌సైట్‌లోనే పెడతారు. ఫ్లెక్సీ మీద ఒక్కరి ప్యాకేజీ చూసి మోసపోకుండా ఉండాలంటే అది చదవాలి. మధ్యస్థం అనేది ఉద్యోగం వచ్చినవాళ్లదే, రానివాళ్లది అందులో ఉండదు. కాబట్టి పక్కనే ఉన్న సంఖ్యను కూడా చూడండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విశ్వవిద్యాలయం క్రైస్తవ సంస్థదా, ప్రభుత్వానిదా, ఇంకెవరిదా అన్నది విలువ తేల్చే విషయం కాదు. ఐ-20లో విశ్వవిద్యాలయం ఇచ్చేది అన్న గడి సున్నా కాకుండా ఉండి, మీ అప్పు 36 నెలల్లో తీరే పరిమాణంలో ఉంటే పంపండి, సంతోషంగా పంపండి. ఉన్న ఒక్క ఇల్లూ పెట్టి, పూర్తి ఫీజు కట్టి, బ్రోషర్ మీద అంకెను నమ్మి మాత్రం పంపకండి. ఒక సంవత్సరం ఇక్కడ ఉద్యోగం చేసి, బ్యాక్‌లాగ్స్ తీర్చుకుని, మళ్లీ దరఖాస్తు చేసుకుంటే పిల్లవాడి జీవితం ఏమీ ఆగిపోదు. అతనికి నామోషీ లేకుండా చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లం, వీధిలోవాళ్లం.

మన పిల్లల లెక్క ఎవరి దగ్గరుందంటే, ఆ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థుల కార్యాలయం దగ్గర ఉంది. ఓపీటీకి ఎవరు దరఖాస్తు చేశారో, ఎక్కడ పనిచేస్తున్నారో వాళ్లకు తెలియాలి, ఆ రికార్డు నిర్వహించేది వాళ్లే. పిల్లవాడి చేత ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ రాయించండి. గత మూడేళ్లలో ఇదే కోర్సు ముగించిన భారతీయ విద్యార్థులు ఎంతమంది, వాళ్లలో ఎంతమంది స్టెమ్ పొడిగింపుదాకా వెళ్లారు, రెండో సంవత్సరంలో నాకు ఫీజు తగ్గింపు లేదా క్యాంపస్‌లో పని దక్కే అవకాశం ఎంత అని. పేర్లు అక్కర్లేదు, సంఖ్యలు చాలు. మంచి సంస్థ జవాబిస్తుంది. అక్కడే చదువుతున్న ఒకరిద్దరు తెలుగు పిల్లలతో మాట్లాడించమని కూడా అడగండి, వాళ్ల నంబరు కన్సల్టెన్సీ ఇచ్చేది కాకుండా విశ్వవిద్యాలయం ఇచ్చేదైతే మంచిది. అమెరికా ప్రభుత్వ సలహా కేంద్రం ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ హైదరాబాద్‌లోనే ఉంది, అక్కడ ప్రాథమిక సలహాకు డబ్బు తీసుకోరు, ఏ విశ్వవిద్యాలయం తరఫునా కమీషన్ ఉండదు.

ఆ ఈమెయిల్‌కు జవాబు వచ్చేదాకా వీసాకు ముందు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టకండి, ఇంటి కాగితాలు బ్యాంకులో ఇవ్వకండి.